గొంతు దగ్గర ఆగిన ముద్ద, తల మీద పెట్టే కాయిల్

అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారులే" అని నడినెత్తిన తట్టి, గ్లాసుడు నీళ్లు అందివ్వడం మన ఇళ్లలో మామూలే. ఒంట్లో బాగున్న మనిషికి దానివల్ల నష్టమేమీ లేదు. చేతులు వణికి, ఒళ్లు బిగుసుకుపోయే పార్కిన్సన్ జబ్బు ఉన్న మనిషి విషయంలో మాత్రం ఆ రెండూ తప్పే. ఆ పొలమారడాన్ని నవ్వి వదిలేయకూడదు, వెంటనే నీళ్లూ ఇవ్వకూడదు. మింగడం దెబ్బతిన్న గొంతుల్లో చాలావాటికి గట్టి పదార్థం కంటే పల్చటి నీళ్లతోనే ప్రమాదం ఎక్కువ. గొంతు సిద్ధమయ్యేలోపే అవి జారి గాలిగొట్టం వైపు పోతాయి.

ఈ మధ్య పార్కిన్సన్ రోగుల ఇళ్లలో ఒక ప్రశ్న బాగా వినిపిస్తోంది. ఆపరేషన్ లేకుండా, తల మీద అయస్కాంతమో సన్నటి కరెంటో పెట్టి మళ్లీ మింగే శక్తి తెప్పిస్తారట, నిజమేనా అని. అనంతపురంలో ఒకావిడ నన్ను అడిగిన తీరు ఇది: "మామకు మాత్రలు మింగియ్యాలంటే అర్ధగంట పడ్తాదన్నా. బెంగుళూర్లో యాదో మిషన్ ఉందంట గదా, పోదామా?" ఆ మిషన్ ఉన్న మాట నిజమే. దాని వెనక ఉన్న సైన్సు కూడా ఉత్తుత్తిది కాదు. కానీ ఆమె అడిగిన మామ గొంతును అప్పటిదాకా ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. ఈ వ్యాసంలో నా గొడవంతా అక్కడే ఉంది.

కనిపించని జబ్బులోని కనిపించని భాగం

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల ఆధారంగా ఈ జబ్బు గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. మింగడం కష్టం కావడం, నోట్లోంచి చొంగ కారడం అందులోనే ఉన్నాయి. అయినా రెండు వందల ఏళ్లుగా అందరి చూపూ చేతి వణుకు మీదే. డాక్టరు దగ్గరికి వెళ్లినా చెయ్యి చాపమంటారు, నడవమంటారు. అన్నం ఎలా తింటున్నావని అడిగేవాళ్లు తక్కువ.

అడిగినా సరైన జవాబు వస్తుందన్న నమ్మకం లేదు. అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2012లో వేసిన ఒక లెక్క ప్రకారం, మింగడంలో ఇబ్బంది ఉందని తమంతట తాము చెప్పిన పార్కిన్సన్ రోగులు 35 శాతం. పరీక్ష పెట్టి చూస్తే లోపం బయటపడ్డవాళ్లు 82 శాతం. మధ్యలో ఉన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు నిజంగానే తెలియదు. గొంతు లోపలి స్పర్శ కూడా ఈ జబ్బులో మొద్దుబారుతుంది. మెతుకో, నీటిచుక్కో గాలిగొట్టంలోకి దిగినా దగ్గు రాదు. పొలమారితే కనీసం పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది. పొలమారకుండా ఊపిరితిత్తుల్లోకి జారేదే అసలు ప్రమాదం. పార్కిన్సన్ రోగుల మరణాలకు ముఖ్య కారణాల్లో న్యుమోనియా ఒకటి కావడానికి ఇదో పెద్ద దారి.

మింగడం ఎంత చిక్కు పనో గుంతకల్లు జంక్షన్ చూసినవాళ్లకు చెప్పడం తేలిక. గాలి పోయే దారీ అన్నం పోయే దారీ గొంతులో ఒకచోట కలిసి విడిపోతాయి. గాలి బండి ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ముద్ద రాగానే దాన్ని ఆపాలి, స్వరపేటికను పైకి లాగి గాలిగొట్టం మూయాలి, ఆహారనాళం తలుపు తెరవాలి, ముద్ద దాటగానే మళ్లీ గాలికి దారి ఇవ్వాలి. గొంతులో జరిగే ఈ తతంగమంతా దాదాపు ఒక్క సెకను. 30కి పైగా కండరాలు, ఐదు జతల కపాల నాడులు వరస తప్పకుండా పనిచేయాలి. పాయింట్లు మార్చే కేబిన్ మెదడు కాండంలో ఉంటుంది. బండి ఎప్పుడు వదలాలో చెప్పే కంట్రోల్ ఆఫీసు మెదడు పైపొరలో ఉంటుంది. పార్కిన్సన్‌లో పట్టాలు చాలావరకు బాగానే ఉంటాయి. కబురు ఆలస్యంగా, బలహీనంగా అందుతుంది.

దాంతో ఏమవుతుందో భోజనం దగ్గర కూర్చుని గమనిస్తే కొంత కనిపిస్తుంది. నాలుక ముద్దను వెనక్కి నెట్టబోయి మళ్లీ ముందుకు తెచ్చుకుంటుంది, మళ్లీ నెడుతుంది. దవడ ఆడుతూనే ఉంటుంది, ముద్ద మాత్రం దిగదు. దిగినా అంతా దిగదు. నాలుక మొదట్లో ఉన్న గుంటల్లో కొంత మిగిలిపోయి, ఆ తర్వాత ఊపిరి పీల్చినప్పుడు లోపలికి జారుతుంది. భోజనమయ్యాక గొంతు గరగరలాడుతూ, తడి తడిగా వినిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. చొంగ కారడం కూడా ఇందులో భాగమే. లాలాజలం ఎక్కువ ఊరడం వల్ల కాదు, ఊరినదాన్ని మాటిమాటికీ మింగకపోవడం వల్ల అది నోట్లో నిలుస్తుంది.

మరి కదలికలను నడిపే డోపమైన్ అనే మెదడు రసాయనం లోటు తీర్చే లెవోడోపా మాత్రతో చేతుల బిగువు తగ్గినట్టు గొంతు బిగువు కూడా తగ్గాలి కదా? కొందరికి తగ్గుతుంది. చాలామందికి అంతగా తగ్గదు. ఈ జబ్బు డోపమైన్ తయారుచేసే కణాలతో ఆగేది కాదు. పాడైన ప్రొటీన్ ముద్దలు మెదడు కాండం కింది భాగంలో, గొంతునూ కడుపునూ చూసుకునే వేగస్ నాడి కేంద్రంలో చాలా ముందే కనిపిస్తాయని జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లో చూపించింది. గొంతు కండరాలకు వెళ్లే నరాల్లోనూ అవి ఆ తర్వాత కనిపించాయి. డోపమైన్ ఒక్కటే పోసి సరిచేయగలిగిన వ్యవహారం కాదన్నమాట. వేరే దారి వెతకడం మొదలైంది అందుకే.

యంత్రాలు ఏం చేస్తాయి

తలకు కోత పెట్టకుండా మెదడును కదిలించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది అయస్కాంతంతో. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దీన్ని మొదటిసారి చేసి చూపించింది. వైద్యుల భాషలో టీఎంఎస్, వరసగా దెబ్బలు వేస్తే ఆర్‌టీఎంఎస్. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న రాగితీగ కాయిల్‌ను తలకు ఆనించి, అందులోకి పెద్ద కరెంటును సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు వదులుతారు. దానివల్ల ఒకటిన్నర నుంచి రెండు టెస్లాల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అంటే ఎంఆర్ఐ స్కానర్ స్థాయిది. అది పుర్రెను దాటి లోపల చిన్న విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది, అక్కడి కణాలు స్పందిస్తాయి.

రోగికి తెలిసేది ఇంతే: కుర్చీలో కూర్చోబెడతారు, చెవుల్లో దూది లాంటివి పెడతారు, ఎందుకంటే కాయిల్ ప్రతి దెబ్బకూ టక్కుమంటుంది. ముందుగా బొటనవేలు కదిలే చోటు కోసం కాయిల్‌ను తల మీద అటూ ఇటూ జరుపుతారు. పది దెబ్బల్లో ఐదింటికి వేలి కండరం స్పందించే కనీస బలం ఎంతో చూసుకుని, దాన్నిబట్టి ఆ మనిషికి ఎంత పెట్టాలో నిర్ణయిస్తారు. తలకు సుత్తితో కొట్టినట్టేమీ ఉండదు. నుదుటి కండరం కొంచెం అదురుతుంది, కొందరికి కాసేపు తలనొప్పి. సెకనుకు ఐదు, అంతకంటే ఎక్కువ దెబ్బలు వేస్తే ఆ ప్రాంతం చురుకెక్కుతుందని, సెకనుకు ఒకటి చొప్పున వేస్తే నెమ్మదిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. సగటు మీద అది నిజం. మనిషి మనిషికీ తేడా చాలా ఎక్కువ, ఒక్కోసారి ఫలితం తిరగబడుతుంది కూడా.

రెండోది టీడీసీఎస్. ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజీలు తలకు కట్టి, బ్యాటరీ పెట్టెతో ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటును ఇరవై ముప్పై నిమిషాలు పంపుతారు. ఇది కణాలను పేల్చదు, పేలడానికి కొంచెం ఎక్కువ సిద్ధంగానో తక్కువ సిద్ధంగానో ఉంచుతుంది. చర్మం చిమచిమలాడుతుంది. "తలకు కరెంటు" అనగానే మన పెద్దవాళ్లకు పిచ్చాసుపత్రి షాకులు గుర్తొచ్చి టెన్షన్ పడతారు. ఆ వైద్యంలో మత్తు ఇచ్చి, 800 మిల్లీఆంపియర్ల స్థాయి కరెంటుతో కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. ఇక్కడ దానికి కొన్ని వందల రెట్లు తక్కువ. రెండింటికీ చుట్టరికం పేరులోనే.

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక అనుమానం రావాలి. పార్కిన్సన్‌లో చచ్చిపోయే కణాలు మెదడు నట్టనడుమ ఉంటాయి. మామూలు కాయిల్ ప్రభావం పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల దాకానే. అక్కడికి చేరనిది ఇంకేం బాగు చేస్తుంది?

నేరుగా బాగు చేయదు. పోయిన కణాలను తిరిగి తేదు, జబ్బు నడకను ఆపుతుందన్న రుజువూ లేదు. పైపొరను కదిలిస్తే దానికి లోపలితో ఉన్న లంకె ద్వారా ఏదో కొంత కదులుతుందన్నది ఆశ. ఆ ఆశకు ఆధారం ఉంది. 2001లో కెనడా పరిశోధకులు ఆరోగ్యవంతుల నుదుటి వైపు మెదడు మీద టీఎంఎస్ పెట్టి స్కాన్ తీస్తే, అదే వైపు లోతుల్లో డోపమైన్ విడుదలైనట్టు కనిపించింది. ఇక మింగడం సంగతికొస్తే, దాని కంట్రోల్ మెదడు రెండు పక్కలా ఉంటుందని, కానీ ఏదో ఒక పక్క పెత్తనం ఎక్కువని 1996లో మాంచెస్టర్‌కు చెందిన షహీన్ హమ్దీ బృందం టీఎంఎస్‌తోనే కనిపెట్టింది. పక్షవాతం వచ్చినవాళ్లలో పెత్తనం చేసే పక్క దెబ్బతింటే మింగడం పోతుందని, బాగున్న రెండో పక్క ఆ పనిని నేర్చుకున్నకొద్దీ తిరిగి వస్తుందని కూడా వాళ్లే చూపించారు. ఆ నేర్చుకోవడాన్ని కాయిల్‌తో తొందరపెట్టొచ్చు కదా అన్న ఆలోచన అక్కడినుంచి వచ్చింది.

మీకు వాట్సాప్‌లో వచ్చే వీడియోలు ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో ఇప్పుడు చెప్పొచ్చు. మింగడం మీద మెదడు ఉద్దీపన పరిశోధనల్లో ఎక్కువ భాగం పక్షవాతం రోగుల మీద జరిగినవి. పక్షవాతంలో దెబ్బ ఒక్కసారే తగులుతుంది, ఆ తర్వాత శరీరం తనంతట తానే కోలుకునే దారిలో ఉంటుంది, సాయానికి బాగున్న పక్క ఒకటి ఉంటుంది. పార్కిన్సన్‌లో రెండు పక్కలా జబ్బే, అదీ ఏటేటా పెరిగే జబ్బు. అక్కడి ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అంటించి "మింగుడు సమస్యకు పరిష్కారం" అనడం నాకు మింగుడు పడదు.

పార్కిన్సన్ రోగుల మీదే జరిగింది ఎంత

కొంతే. చెప్పుకోదగ్గది ఈజిప్టులోని అస్యూట్ విశ్వవిద్యాలయం వైద్యులు 2019లో ప్రచురించింది. మింగడం కష్టంగా ఉన్న 33 మంది పార్కిన్సన్ రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, రెండు వంతుల మందికి నిజం కాయిల్, ఒక వంతు మందికి ఉత్తుత్తి కాయిల్ పెట్టారు. సెకనుకు 20 దెబ్బలు, తల రెండు పక్కలా, పది రోజులు. తర్వాత మూడు నెలలు, నెలకు ఐదేసి సార్లు మళ్లీ. నిజం కాయిల్ జట్టు మింగడంలో మెరుగుపడింది, ఆ మెరుగు మూడు నెలలూ నిలిచింది.

మంచి వార్తే. ఇందులో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. కాయిల్ పెట్టింది గొంతు ప్రాంతం మీద కాదు, చెయ్యి ప్రాంతం మీద. మెదడు పైపొరలో చెయ్యి, ముఖం, గొంతు ప్రాంతాలు ఒకే వరసలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ప్రభావం పాకి ఉండొచ్చు. లేదా ఒళ్లంతా బిగువు కొంత సడలి, దాంతోపాటు మింగడమూ తేలికై ఉండొచ్చు. ఈ రెండూ ఒకటి కావు. రెండోదే నిజమైతే మాత్రల మోతాదు సరిచేసినా కొంతమేరకు అదే రావాలి. పైగా ఇందులో ప్రధాన కొలత రోగి నింపే ప్రశ్నల పత్రం. తమ గొంతులో ఏం జరుగుతోందో రోగులకే సరిగా తెలియదని పైన చూశాం కదా.

పార్కిన్సన్‌లో ఇంకో మెలిక ఉంది. ఈ జబ్బులో నమ్మకమే మందులా పనిచేస్తుంది, మాటవరసకు అనడం లేదు. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమైన్ నిజంగా విడుదలైనట్టు స్కాన్‌లో తేలింది. పెద్ద యంత్రం, టక్‌టక్ శబ్దం, తెల్లకోటు వేసుకున్న మనుషులు, రెండు వారాలు రోజూ కలిగే శ్రద్ధ, ఇవన్నీ కలిసి ఎంత ఆశ పుట్టిస్తాయో ఆలోచించండి. అందుకే ఈ రంగంలో ఉత్తుత్తి కాయిల్ జట్టు లేని అధ్యయనాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇక మాంచెస్టర్ వాళ్లు చిన్నమెదడు మీద సెకనుకు పది దెబ్బలు వేస్తే గొంతుకు వెళ్లే కబురు బలపడుతుందని చూపించారు, కానీ అది ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లలో. పార్కిన్సన్ మింగుడు సమస్యకు టీడీసీఎస్ మీద ఉన్న ఆధారం ఇంకా పల్చన. ఎక్కడ పెట్టాలి, ఎంత వేగం, ఎన్ని రోజులు అన్నదాని మీద ఒక పరిశోధక బృందానికీ ఇంకో బృందానికీ పొంతన లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఆర్‌టీఎంఎస్‌ను డిప్రెషన్‌కు అనుమతించింది, తర్వాత ఓసీడీకి (అదే ఆలోచన, అదే పని మళ్లీ మళ్లీ వెంటాడే జబ్బు), పొగతాగడం మాన్పించడానికి కూడా. పార్కిన్సన్ మింగుడు సమస్య ఆ జాబితాలో లేదు.

మెడకు ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టే ఫిజియోథెరపీ యంత్రం మాత్రం వేరే. అది మెదడును కదిలించదు, కండరాలను కదిలిస్తుంది. నెదర్లాండ్స్‌లో పార్కిన్సన్ రోగుల మీదే పరీక్షించి చూస్తే మామూలు మింగుడు వ్యాయామాల కంటే అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు. తలలో తీగలు దించే డీబీఎస్ అసలు ఆపరేషనే. దాన్ని వణుకు కోసం, బిగువు కోసం చేస్తారు, మింగడం కోసం కాదు.

కాయిల్ కంటే ముందు

2010లో న్యూరాలజీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 60 మంది పార్కిన్సన్ రోగులు. సగం మందికి లోపల స్ప్రింగు మూత ఉన్న చిన్న గొట్టం ఇచ్చి, గట్టిగా ఊదితే తప్ప తెరుచుకోకుండా బిగించారు. మిగతా సగానికి స్ప్రింగు లేని ఉత్తుత్తి గొట్టం. రోజుకు 25 ఊదుళ్లు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. ఎక్స్-రే వీడియోలో చూస్తే నిజం గొట్టం ఊదినవాళ్లలో గాలిగొట్టంలోకి జారడం తగ్గింది. జనం అస్యూట్ అధ్యయనం కంటే దాదాపు రెట్టింపు, కొలిచింది వీడియోతో, ఖర్చు చూస్తే కాయిల్‌తో పోలికే లేదు. దీని మీద ఎవరూ వీడియోలు ఫార్వర్డ్ చేయరు. ఊదే గొట్టంలో అంత మహత్తు కనిపించదు మరి. బీపీ అదుపులో లేనివాళ్లు, ఈ మధ్యే కంటికో పొట్టకో ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

ఇక తిండి. రాయలసీమ తిండిని ఈ కోణంలో చూసినవాళ్లు తక్కువ. రాగి సంకటి తీసుకోండి. సంకటి అలవాటున్నవాళ్లు దాన్ని నమలరు. ముద్దలోంచి చిన్న తునక తుంచి, వేలితో గుంట చేసి, పులుసులోనో ఊరుబిండిలోనో అద్ది గుటుక్కున మింగేస్తారు. అలా మింగాలంటే నాలుక మొదలు పూర్తి బలంతో వెనక్కి కొట్టాలి. పార్కిన్సన్‌లో తగ్గేది సరిగ్గా ఆ బలమే. బంకగా ఉన్న సంకటి సగం దిగి సగం నాలుక వెనక గుంటల్లో నిలుస్తుంది. నలభై ఏళ్లు సంకటి తిన్న మనిషి నమలడం కొత్తగా మొదలుపెట్టడు కాబట్టి, సంకటినే పల్చగా కెలికి పులుసు బాగా కలిపి చిన్న చెంచాతో పెట్టాలి.

ఉగ్గానిది ఇంకో తంటా. నానిన బొరుగులు, పప్పుల పొడి, ఉల్లిపాయ ముక్కలు నోట్లో ఒకచోట కూడవు, దేనికది చెదిరిపోతుంది. పక్కన బజ్జీ సరేసరి. మజ్జిగన్నం మెత్తగా ఉంటుంది కదా అని చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు అదే పెడతారు. అదే మోసం. మజ్జిగ ముందే జారిపోతుంది, మెతుకులు వెనకబడతాయి, రెండు వేగాలకూ ఒకే గొంతు సర్దుకోవాలి. అదే అన్నాన్ని గట్టి పెరుగుతో మెత్తగా పిసికి, ఒకే చిక్కదనానికి తెస్తే చాలామందికి తేలిక.

తాగేవాటి చిక్కదనం కొలవడానికి మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. అంతర్జాతీయంగా వాడే పద్ధతే ఇది. సిరంజి మీద సున్నా నుంచి పది గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, అదొక్కటీ స్కేలుతో చూసుకోండి. సూది, పిస్టన్ తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి, రాగి జావ పది గీత దాకా పోయండి. వేలు తీసి పది సెకన్లు ఆగి మళ్లీ మూయండి. లోపల ఒకటి లోపు మిగిలితే అది నీళ్లతో సమానం. ఒకటి నుంచి నాలుగు మిగిలితే కాస్త చిక్కన, నాలుగు నుంచి ఎనిమిది అయితే ఇంకో మెట్టు, ఎనిమిది దాటితే బాగా చిక్కన. ఏ మెట్టు ఎవరికి అన్నది పరీక్ష చూసిన స్పీచ్ థెరపిస్టే చెప్పాలి. జావతో రెండు జాగ్రత్తలున్నాయి. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి తాగే వేడిమి దగ్గరే కొలవాలి. నోట్లో పెట్టిన చెంచా మళ్లీ గిన్నెలో ముంచితే లాలాజలం పిండిని విరిచి, కాసేపటికే జావను పల్చన చేస్తుంది.

అలాగని అన్నీ చిక్కగా ఇచ్చేస్తే సరిపోతుందా? అమెరికాలో పార్కిన్సన్, మతిమరుపు రోగులు 711 మంది మీద ఎక్స్-రే కింద పరీక్షిస్తే, తేనె అంత చిక్కటి ద్రవం అన్నిటికంటే తక్కువ జారింది. గడ్డం కిందికి వంచి నీళ్లు మింగడం అన్నిటికంటే తక్కువ ఉపయోగపడింది. కానీ వాళ్లలో 515 మందిని మూడు నెలలు గమనిస్తే న్యుమోనియాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా చిక్కటివి తాగినవాళ్లలో ఒంట్లో నీరు తగ్గడం ఎక్కువైంది. చిక్కటి నీళ్లు ఎవరికీ నచ్చవు, తాగడం తగ్గిస్తారు. మే నెల అనంతపురంలో అది చిన్న విషయం కాదు. రోజు మొత్తంలో ఎన్ని గ్లాసులు లోపలికి పోయిందీ ఎవరో ఒకరు లెక్క పెట్టాలి.

మాత్రల వేళ ఇంకో సంగతి. లెవోడోపా వేసుకున్న అరగంట, ముప్పావు గంటకు ఒళ్లు తేలికవుతుంది. భోజనం ఆ వేళకు పెట్టుకుంటే గొంతుకూ ఎంతో కొంత లాభం. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ లెవోడోపాకు అడ్డం పడుతుంది కాబట్టి మాత్ర ముందు, అన్నం తర్వాత. మింగలేకపోతున్నారని మాత్రలన్నీ నూరి ఇవ్వడం ఇళ్లలో చూస్తుంటాం. సీఆర్ అని రాసి ఉన్న, నెమ్మదిగా కరిగే మాత్రలను నూరితే మందంతా ఒక్కసారే విడుదలవుతుంది. నూరొచ్చో లేదో ఒక్కో మాత్రకూ డాక్టర్ని అడగాలి. ఇక నోటి శుభ్రం: జారేది ఎలాగూ కొంత జారుతుంది, దాంతోపాటు పాచి సూక్ష్మజీవులు పోకుండా రాత్రి పడుకునే ముందు పళ్లూ నాలుకా తోమించడం న్యుమోనియా మీద మన చేతిలో ఉన్న ఆయుధం.

పరీక్ష ఎక్కడ? ఈఎన్‌టీ డాక్టర్ల దగ్గర ముక్కులోంచి గొంతు చూసే సన్నటి కెమెరా గొట్టం ఉంటుంది. రోగి రంగు కలిపిన జావ మింగుతుండగా దాంతో చూడొచ్చు. లేదంటే బేరియం కలిపినవి తాగిస్తూ ఎక్స్-రే వీడియో తీయాలి. ఇక్కడ ఒక తికమక ఉంది. మామూలుగా రాసే బేరియం స్వాలో ఆహారనాళం కోసం. మనకు కావలసింది నోరు, గొంతు భాగం పక్కనుంచి కనిపించేలా, పల్చటివీ చిక్కటివీ విడివిడిగా మింగిస్తూ తీసే వీడియో. చీటీ మీద ఆ ముక్క రాయించుకోండి.

ఇంతా చేశాక కాయిల్ మాటకొద్దాం. అనంతపురం వాళ్లం బెంగళూరు బస్సెక్కుతాం, కర్నూలు వాళ్లు హైదరాబాద్ పోతారు, కడప వాళ్లు తిరుపతో వేలూరో. ఈ ఊళ్లలోని పెద్దాసుపత్రుల్లో టీఎంఎస్ యంత్రం ఉంటే అది ఎక్కువగా డిప్రెషన్ లాంటి వాటికే పనిచేస్తుంటుంది. పార్కిన్సన్ మింగుడుకు ఇస్తామంటే అది ప్రయోగం కిందికే వస్తుంది. ప్రయోగం తప్పేమీ కాదు. నైతిక కమిటీ అనుమతితో, ఉత్తుత్తి కాయిల్ జట్టుతో, రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకుండా జరిగే ట్రయల్ దొరికితే నేనైతే చేరమనే చెబుతాను. వారానికి ఐదు రోజుల లెక్కన పది సెషన్లంటే రెండు వారాలు ఆ ఊళ్లో మకాం. కదలడమే కష్టమైన మనిషికీ, ఆయన వెంట ఉండే మనిషికీ ఆ రెండు వారాల ఖర్చు యంత్రం ఫీజులో కనిపించదు.

తలలో లోహపు క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, గుండెకు పేస్‌మేకర్, డీబీఎస్ తీగలు ఉన్నవాళ్లు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. కాయిల్ వల్ల ఫిట్స్ రావడం చాలా అరుదు, కానీ ఉంది. సెషన్ సమయంలో మాత్ర వేసుకుని ఉండాలా మానాలా అన్నది కూడా అడగాలి, ఫలితం దాన్నిబట్టి మారుతుంది.

డబ్బు తీసుకుని చేసే చోటైతే నా లెక్క ఇంకా మోటుగా ఉంటుంది. మొదటి సెషన్‌కు ముందు గొంతు వీడియో ఒకటి, ఆఖరి సెషన్ తర్వాత ఒకటి, మూడు నెలలకు మరొకటి, మూడింటిలోనూ అదే చిక్కదనం, మాత్ర వేసుకున్న అదే వేళ. కోడలు అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు కూడా ఇదే: "ముందు ఈఎన్‌టీ దగ్గర గొంతు చూపించమ్మా. ఆ వీడియో చేతిలో పెట్టుకుని బెంగుళూరుకు ఫోన్ చెయ్. వాళ్లు వీడియో అడక్కుండానే తేదీ ఇస్తే, బస్సు టికెట్ తీయొద్దు."